అప్పలనర్సమ్మ బొమ్మరిల్లు

సింహాద్రి అప్పన్నని ఒక్కసారి తలుచుకుని ఇటు జరగండి. వెనకున్న తల్లులు కూడా దగ్గరికి రండి, ఇది అరిచి చెప్పే కథ కాదు.

తెల్లదొరల రాజ్యం ఇంకా ఉన్న రోజులు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో అప్పలనర్సమ్మ పొద్దుటి పనులు ఎప్పుడూ ఒకే వరసలో నడిచేవి. షెడ్డు కూత వినబడగానే లేవడం, వాకిట్లో కళ్ళాపి, తులసమ్మకి నీళ్ళు, ఆ తరవాత బొమ్మరింట్లోకి తొంగి చూడడం. కొడుకు సూర్యం ఇంజను మీద ఫైర్‌మన్. ఎప్పుడు ఇంటికొస్తాడో షెడ్డువాళ్ళకే తెలీదు. బొమ్మరింట్లో మగబొమ్మ అరుగు మీద వీధివేపు మొహం పెట్టి నిలబడితే ఇంకా లైన్లో ఉన్నట్టు. గడప దాటి లోపల కాలు పెట్టిందంటే ఎసరు పెట్టాల్సిందే.

ఆ కర్ర బొమ్మరిల్లు ఆవిడకి విజయనగరం దగ్గర పుట్టింటివాళ్ళు ఇచ్చింది. లోపలంతా కనబడేలా ముందు గోడ లేకుండా చేశారు. లోపల మూడు లక్కబొమ్మలు: ముసలమ్మ, కొడుకు, కోడలు. ఇంట్లో మనుషులు ఎలా తిరిగితే బొమ్మలు అలా తిరిగేవి. కాలనీలో దాన్నెవరూ వింతగా చూడలేదు. గడియారం ఉన్నవాళ్ళని టైము అడిగినట్టు, "సూర్యం డ్యూటీ దిగాడేటి, ఓపాలి సూడు పిన్నీ" అని అడిగిపోయేవారు. నియమం ఒక్కటే. ఇల్లు మారితే బొమ్మరింటి గదులు కూడా కొత్త ఇంటి పోలికలోకి మార్పించుకోవాలి.

ఆ ఏడు వానల్లో చెదపట్టి బొమ్మరింటి వెనకభాగమంతా రాలిపోయింది. బొమ్మలు కదలడం మానేశాయి. ముసలావిడ షెడ్డుకి కబురంపింది. క్యారేజీ షెడ్డులో వడ్రంగి బంగార్రాజు దాన్ని గోనెలో చుట్టి తన క్వార్టరుకి పట్టుకుపోయి, మిగులు టేకుచెక్కతో గదులు కట్టి, రైలుపెట్టెలకి వేసే ఎర్రరంగు పూసి తెచ్చాడు.

"సూడు పిన్నీ, ఫస్టుక్లాసు!"

"నీ కడుపు సల్లగుండ నాయనా!"

బొమ్మలు మళ్ళీ కదిలాయి. గొడవ కూడా అక్కడే మొదలైంది.

మధ్యాహ్నాలు అప్పలనర్సమ్మ రామమందిరంలో భజనకి వెళ్ళేది. ఒకరోజు తిరిగొచ్చి చూస్తే కోడలిబొమ్మ పెరటిగుమ్మం బయట నిలబడి ఉంది. కోడలు కనకమేమో వంటింట్లో పప్పు రుబ్బుతోంది. బొబ్బిలి పిల్ల, పెళ్ళయి ఏడాది.

"పెరట్లోకి ఎందుకెల్లావే?"

"నానెల్లలేదత్తా. రోలు ముందునించి లెగనే లేదు."

"అచ్ఛా," అని ఊరుకుంది అత్త.

మర్నాడూ అంతే. ఆ మర్నాడు కోడలిబొమ్మ చేతికి తడిమట్టి అంటుకుని ఉంది. అత్త కోడలి చేతులు పట్టుకుని తిప్పి చూసింది. పిండి తప్ప ఏమీ లేదు.

"కడిగేసుకున్నావేటి?"

"ఏటి కడుగుకున్నాను? ఎందుకు కడుగుకుంతాను?"

"ఎవురితో మాటాడ్డానికి ఎల్తన్నావు? నా అడుగుల సప్పుడు ఇని ఉరికొచ్చేస్తన్నావు కదూ!"

"ఎవురూ లేరత్తా. మాలచ్చిమి తల్లి మీద ఒట్టు."

"ఒట్లు మనుసులేస్తారు. బొమ్మలెయ్యవు."

చూశారా తల్లీ! ముసలమ్మ బొమ్మ ఏ మూల కూర్చున్నది ఆ మూలనే ఉంది, కదలడమే లేదు. అయినా, "పెద్దదాన్నైపోనాను కదా, ఇంక నాకేటి పని" అని సరిపెట్టుకుంది. అనుమానం పట్టిన కన్ను మనిషినే చూస్తుంది. గోడల్ని చూడదు.

సూర్యం లైన్లోంచి రాగానే తల్లి చెవిలో వేసింది. బొగ్గుమసి మొహంతోనే వాడు బొమ్మరింటి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. తరవాత పెళ్ళాంవేపు చూశాడు.

"నువ్వూ నమ్మీసినావా?" అంది కనకం.

వాడు సబ్బు అడిగి స్నానానికి పోయాడు. ఆ వారంలోనే పాసు రాయించేశాడు, రాయపూర్ మీదుగా బొబ్బిలికి. తల్లి కోడల్ని పుట్టింట దిగబెట్టి ఒక్కతీ తిరిగి రావాలి. మళ్ళీ ఎప్పుడు తీసుకొస్తారని కనకం అడగలేదు. కొందరు ఆడపిల్లలు అలా వెళ్ళి తిరిగి రాకపోవడం కాలనీ ఎరిగిందే.

బయల్దేరే రోజు సూర్యం షెడ్డుకి వెళ్ళిపోయాడు. ట్రంకుపెట్టె గుమ్మంలో ఉంది. జట్కా కోసం చూస్తూ అప్పలనర్సమ్మ ఆఖరిసారి బొమ్మరింట్లోకి తొంగి చూసింది. కోడలిబొమ్మ పెరటిగడప మీద మోకాళ్ళు ముడుచుకుని పక్కకి పడి ఉంది.

ఆవిడ గబుక్కున వెనక్కి తిరిగింది. కనకం ఎదురుగానే నిలబడి కొంగు సర్దుకుంటోంది.

"అత్తా," అంది కనకం మెల్లగా, "నానిక్కడున్నాను. మరా పడిపోనాది ఎవురు?"

అప్పలనర్సమ్మ మొదటిసారి బొమ్మని వదిలి బొమ్మరింటి గదుల్ని చూసింది. పొయ్యి ఎడంపక్కనుంది.

"మన పొయ్యి కుడేపు కదే!"

ఆ కాలనీ క్వార్టర్లు జంటలు జంటలుగా ఉండేవి. మధ్యగోడ ఒక్కటే. ఒకరి వంటిల్లు కుడివేపైతే రెండోవారిది ఎడంవేపు. చెదతిన్న గదుల్ని బంగార్రాజు తన క్వార్టరు చూసి కట్టేశాడు. వాడిది ఎడంచేతి క్వార్టరు. దాంతో బొమ్మరిల్లు దగ్గర్లో ఉన్న ఎడంచేతి ఇల్లు, అంటే గోడకవతలి ఇల్లయి కూర్చుంది.

"అచ్చియమ్మ!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

పక్కింటి రమణమూర్తి గార్డు. అతని డ్యూటీ సూర్యం బండి మీదే పడుతుండడంతో మగబొమ్మలో తేడా ఎవరికీ తెలీలేదు; ఆవేళ అతనూ లైన్లోనే ఉన్నాడు. భార్య అచ్చియమ్మకి నెలలు నిండబోతున్నాయి. అత్తాకోడళ్ళు పెరటిదారిన పరుగెత్తారు. గడప మీద పడి ఉంది అచ్చియమ్మ. పెరటిగోడ నుంచి గీకిన మట్టి ఇంకా గుప్పెట్లో ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళకి మట్టి మీద మనసు పోతుంది, తెలిసిందే కదమ్మా. ఎవరైనా చూస్తే నవ్వుతారని కాలనీ అంతా కునుకు తీసే వేళ వచ్చి తినేది. నొప్పులొచ్చాక అరవడానికి ఓపిక లేకపోయింది.

"కనకం, నీళ్ళు పొయ్యి మీదెట్టి రా! వచ్చి దాని తల పట్టుకో తల్లీ!"

అప్పలనర్సమ్మ కొంగు బిగించింది. మెడకి పేగు చుట్టుకుని బిడ్డ నీలంగా వచ్చింది. ఆవిడ పేగు తప్పించి, తలకిందులు చేసి, అప్పన్నని తలుచుకుని వీపు మీద చరిచింది. బిడ్డ కేరుమంది. అదే వేళకి స్టేషన్లో రాయపూర్ బండి కూత పెట్టి వెళ్ళిపోయింది. ఎవరూ అటు తిరగలేదు.

సూర్యం డ్యూటీ దిగొచ్చేసరికి పెట్టె ఇంకా గుమ్మంలోనే ఉంది. తల్లి జరిగింది చెప్పింది. వాడు పెట్టె లోపలికి మోసుకెళ్ళి, ఒక్కొక్క చీరా తీసి దండెం మీద వేస్తూ ఉండిపోయాడు. కనకం చూస్తూ నిలబడింది, సాయం చెయ్యలేదు.

బంగార్రాజు చెవులు పట్టుకుంటూ వచ్చాడు. "గలతీ అయిపోనాది పిన్నీ. కుడేపుకి తిప్పీస్తాను."

"తిప్పు," అంది అప్పలనర్సమ్మ.

"తిప్పన్నా," అంది కనకం. "ముందేపు రెండు తలుపులు కూడా పెట్టు. గెడ లోపలేపు."

"లోపలేపు పెడితే మనం తియ్యడం ఎలాగమ్మా?"

"మనం తియ్యక్కర్లేదు. కావలిస్తే లోపలున్నోలే తీసుకుంతారు."

బంగార్రాజు ముసలావిడవేపు చూశాడు. ఆవిడ కోడలివేపు చూసింది. మధ్యగోడ అవతల పసిపిల్ల ఏడుస్తోంది.

"కోడలు సెప్పినట్టు పెట్టు," అంది.

తలుపులు పెట్టిన మర్నాడు పొద్దున్న తులసమ్మకి నీళ్ళు పోసి, అలవాటుగా బొమ్మరింటి ముందుకొచ్చింది అప్పలనర్సమ్మ. చెయ్యి చాపేలోపల లోపల్నుంచి చిన్న చప్పుడైంది, గెడ పడిన చప్పుడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

మధ్యాహ్నం భజనకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. "కనకం, నువ్వూ వస్తావేటి?"

"రానత్తా."

ఎందుకని ఆవిడ అడగలేదు. తలుపు దగ్గరగా వేసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.