కోత ముందు నాకే పడింది

నేను ఒక ఎర్రటి రబ్బరు సంచిని. వేడినీళ్ళు పోసి, మూత బిగించి, నొప్పి ఉన్నచోట నన్ను ఆనిస్తారు. అచ్చులో ఉడికి పుట్టాను. మందుల షాపులో అట్టపెట్టెలో పడి ఉన్న నన్ను, అనకాపల్లి అప్పయ్యమ్మ మోకాళ్ళ కోసం ఆమె కొడుకు కొనితెచ్చాడు. తర్వాత కోడలు నూకరత్నం బాలింత నడుముకూ నేనే. ఆ ఇంట్లో ఎక్కడ నొప్పన్నా మొదటి పిలుపు నాకే.

ఒకరోజు మనవరాలు సాహితి బడినుంచి కడుపు పట్టుకుని వచ్చింది.

"వాతం సేసుంటాదే. ఆముదం రాసి ఆ సంచెట్టు," అంది అప్పయ్యమ్మ.

నూకరత్నం నన్ను నింపింది. పాప కునుకు తీసింది. అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను. మర్నాడూ నేనే. కుడివైపు పొట్ట చెక్కలా బిగుసుకోవడం నాకు తగులుతూనే ఉంది. నాకూ నోరుంది, కానీ దానికి మూత బిగించి ఉంది.

నాలుగోనాడు పాప ఒళ్ళు కాలిపోతుంటే అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తారు. బట్టలతోపాటు నన్నూ కుక్కుకుపోయారు.

"అపెండిక్స్ పగిలింది. చుట్టూ చీము గడ్డకట్టింది," అంది డాక్టరమ్మ.

"అయితే ఇప్పుడే కోసీండమ్మా!" అంది నూకరత్నం.

"పేగులన్నీ దానికి అంటుకుని ఉన్నాయి. ఇప్పుడు కోస్తే వాటికి దెబ్బ తగలొచ్చు. ముందు మందులిస్తాం. జ్వరం దిగితే, వాపు పోయాక తీసేద్దాం. దిగకపోయినా, మళ్ళీ నొప్పొచ్చినా ఆగం. ఆ వేడి సంచి మాత్రం ఇంక పెట్టకు. దానివల్లే ఇంత ఆలస్యమైంది."

నూకరత్నానికి కాలు నిలవలేదు. పక్కమంచం పిల్లకి వచ్చిన రోజే ఆపరేషను చేశారు, తన పిల్లకెందుకు చెయ్యరు? నుదురు తాకుతుంది, వరండాలోకి పోతుంది, మళ్ళీ వచ్చి తాకుతుంది. జ్వరం దిగి ఇంటికొచ్చాకా కుదురు లేదు. పాప పక్కకి ఒత్తిగిలినా ఉలికిపడేది.

కొన్ని వారాలకి ఒక సాయంత్రం పాప, "అమ్మా, నొప్పెడతంది," అంది. అప్పయ్యమ్మ చెయ్యి అలవాటుగా గోడకి నేను వేలాడే మేకు మీదికి పోయింది.

"అత్తా, వద్దన్నానా!" నూకరత్నం నన్ను లాక్కుని కత్తిపీట మీద పరపరా కోసేసింది. పాపనెత్తుకుని ఆటో ఎక్కింది.

"ఓలమ్మో, సంచేం సేసిందే నిన్ను!" అంటూ అప్పయ్యమ్మ వెనకే పరుగెత్తింది.

తర్వాత విన్నాను. లోపల మళ్ళీ రాజుకుంటోందట. గడ్డ కరిగిపోయింది కాబట్టి ఆ రాత్రే తీసేశారట. "వెంటనే తెచ్చావు, బతికించావు," అందట డాక్టరమ్మ.

పొట్టమీద కుట్లతో వచ్చిన సాహితి, చెత్తబుట్టలోంచి నన్ను తీసి, సూదీ దారంతో వంకరటింకరగా కుట్టింది. "మామ్మా, దీనికీ ఆపరేషనయ్యింది. వేడినీళ్ళు పొయ్యకూడదంట."

ఇప్పుడు నేను బొమ్మకి పరుపుని. ఇంట్లో ఎవరైనా కడుపునొప్పంటే అప్పయ్యమ్మ చూపు ఇప్పటికీ ఆ ఖాళీ మేకు వైపే పోతుంది. ఆ వెంటనే చెప్పుల కోసం వెతుక్కుంటుంది.