కూత పెట్టిన ఇంజను

కోడలు పడవ పని నేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి తొమ్మిది రోజులైంది. అంతకుముందు ఆరేళ్లు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక మామగారే పిలిచాడు. "ఇంట్లో కూర్చుని ఈగలు తోలుకుంటావా? నాతో రా. ఏ మిషనైనా మిషనే కదా."

మామగారిని రేవులో అందరూ సరంగుగారనే పిలుస్తారు. ముప్ఫై నాలుగేళ్లుగా సరస్సుకు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు జనాన్ని చేరవేస్తున్నాడు. రేవులో ఆయన మాటకు తిరుగులేదు. ఇంట్లో అత్తగారి మాటకు తిరుగులేదు.

ఆ ఉదయం పడవలో ఒక్కరే ఎక్కారు. వయొలిన్ టీచరు. అవతలి ఒడ్డున ఉన్న బడిలో పది గంటలకు ఆమె శిష్యులకు పరీక్ష. వయొలిన్ పెట్టెను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని ముందు బల్ల మీద కూర్చుంది.

సగం దూరం వెళ్లేసరికి ఇంజను కూత పెట్టింది. సన్నగా, చెవిలో సూది గుచ్చినట్టు, ఆగకుండా.

"మామయ్యా, కూస్తోంది."

"ఏంటి కూసేది?"

"ఇంజను. అలారం మోగుతోంది."

సరంగుగారు తల పక్కకు వంచి విన్నాడు. "శుభ్రంగా నడుస్తోందమ్మా. నీకే నిద్ర చాలినట్టు లేదు."

కోడలికి ఒళ్లు మండింది. నాలుగు రోజుల కిందట ఇదే కూత గురించి చెబితే, "కొత్తలో అన్నీ వినిపిస్తాయిలే" అని కొట్టిపారేశాడు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరూ ఇంతే. బాగానే ఉంది, బాగానే ఉంది అంటూ ఉండగానే మిషను పొగలు కక్కేది.

టీచరు వెనక్కి తిరిగింది. "నాకూ వినపడుతోందండీ. ఒకటే స్వరం, ఎక్కడా తెగడం లేదు."

"ఇద్దరూ కూడబలుక్కుని నన్ను ఆటపట్టిస్తున్నారా?" అని సరంగుగారు నవ్వాడు.

ఆ నవ్వు పూర్తికాకముందే ఇంజను తనంతట తానే నీరసించింది. హ్యాండిల్ ఎంత తిప్పినా వేగం పెరగలేదు.

"పెట్రోలు కల్తీ" అని తేల్చేశాడు ఆయన.

"కాదు మామయ్యా. ఇంజను పుస్తకం రెండుసార్లు చదివాను. ఆగి ఆగి కూస్తే ఆయిల్ తక్కువైనట్టు. ఆపకుండా కూస్తే ఇంజను వేడెక్కినట్టు. కాలిపోకుండా అదే వేగం తగ్గించుకుంటుంది."

"అలాగైతే ఎర్రలైటు వెలగాలిగా?"

న్యాయమైన ప్రశ్నే. కోడలు వంగి చూసింది. ఎండకు ఎండీ ఎండీ లైటు మీది ప్లాస్టిక్ శుక్లం పట్టిన కన్నులా తెల్లబడిపోయింది. చుట్టూ రెండు అరచేతులూ అడ్డుపెట్టి చూస్తే లోపల ఎర్రగా మినుకుమంటోంది.

"వెలుగుతోంది. మనకే కనపడట్లేదు. వెనక నీళ్ల ధార కూడా చూడండి."

సరస్సు నీళ్లు లోపలికి పీల్చుకుని, ఇంజను చల్లబరుచుకుని, వేడి నీళ్లను వెనక ఒక చిన్న రంధ్రం గుండా బయటికి చిమ్మడం ఆ ఇంజను పద్ధతి. రోజూ వేలెడు లావున చిమ్మే ధార ఇప్పుడు దారప్పోగులా ఉంది. అది చూసి సరంగుగారి ముఖం పాలిపోయింది. వెంటనే ఇంజను ఆపేశాడు.

ఇద్దరూ కలిసి, పడవ వెనక నీళ్లలో మునిగి ఉండే ఇంజను కింది భాగాన్ని పైకి లేపారు. నీలంరంగు ప్లాస్టిక్ సంచి ఒకటి దాన్ని చుట్టేసుకుని, నీళ్లు పీల్చే జాలీని పూర్తిగా మూసేసింది.

"నోరు నొక్కేస్తే ఏం తాగుతుంది పాపం!" అంటూ కోడలు సంచిని లాగి పడవలో పడేసింది. "ఓ పావుగంట చల్లారనిద్దాం."

టీచరు గడియారం చూసుకుంది. తొమ్మిదీ ఇరవై. "టైముందిలెండి. ఊరికే కూర్చోవడం ఎందుకు?" అని పెట్టె తెరిచి వయొలిన్ తీసింది.

గాలి లేదు, అల లేదు. లోతైన స్వరాలతో మొదలైన పాట మెట్టు మెట్టుగా పైకెక్కింది. సరంగుగారు కళ్లు మూసుకుని తలాడిస్తూ విన్నాడు. కొంతసేపటికి కళ్లు తెరిచాడు.

"ఆపేశారేంటమ్మా? బాగుంది, వాయించండి."

కమాను ఇంకా తీగ మీద ఆడుతూనే ఉంది. టీచరూ కోడలూ ఒకరినొకరు చూసుకున్నారు. టీచరు కిందిస్వరానికి దిగింది.

"ఇది వినపడుతోందా?"

"ఆఁ, నిక్షేపంగా."

మళ్లీ పైకెక్కింది. "ఇది?"

"ఏది?"

కోడలి కోపం ఎటు పోయిందో పోయింది. మామయ్య తప్పు కప్పిపుచ్చుతున్నాడనుకుంది ఇన్నాళ్లూ. ఆయనకు అసలు వినపడటమే లేదు.

సరంగుగారు తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. దాచి లాభం లేదని ఆయనకీ తెలిసిపోయింది. "ఏడాది దాటింది. ముందు, పిట్టలు అరవడం మానేశాయనుకున్నా. తర్వాత మీ అత్తయ్య గొణగడం మానేసిందని సంతోషించా కూడా."

టీచరు నవ్వు ఆపుకోలేక కమాను కింద పెట్టేసింది.

"ఇంట్లో ఎందుకు చెప్పలేదు మామయ్యా?"

"చెవులు పనిచేయట్లేదంటే రేవు ఆఫీసువాళ్లు పడవ నడపనిస్తారా? ఈ పని తప్ప నాకేం వచ్చని?"

"చెవికి మిషను దొరుకుతుంది. సరస్సు మధ్యలో ఇంజను కాలిపోతే మనకి ఇంకో ఇంజను దొరుకుతుందా? ప్రయాణికుల గతేంటి?"

ఆయన తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. "నిజమే తల్లీ. బుద్ధి గడ్డి తింది" అన్నాడు.

ఇంజను దించి మళ్లీ స్టార్టు చేశారు. ధార ఇంకా సన్నగానే వస్తోంది. ఆపి, ఆ రంధ్రంలోకి తొంగిచూస్తే బురద గట్టిపడి ఉంది. గుచ్చడానికి సన్నని తీగ కావాలి. టీచరు పెట్టెలోంచి తెగిన పాత తీగ తీసిచ్చింది. కోడలు దాన్ని లోపలికి పోనిచ్చి నాలుగుసార్లు ఆడించింది. ఈసారి స్టార్టు చేయగానే, దగ్గరగా వంగి చూస్తున్న సరంగుగారి చొక్కా మీదికి నీళ్లు ఫెళ్లున చిమ్మాయి.

"స్నానం అయింది మామయ్యా!"

"తలంటి మిగిలింది" అన్నాడాయన చొక్కా పిండుకుంటూ. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు. "కూత... ఆగిందా?"

"ఆగింది."

"అయితే నువ్వే నడుపు. ధార సంగతి నేను చూస్తుంటా."

పదికి ఐదు నిమిషాలుందనగా పడవ ఒడ్డు చేరింది. టీచరు పెట్టె చంకన పెట్టుకుని బడివైపు పరుగెత్తింది.

సాయంత్రం రేవులో ఇంజనుకు నీళ్లు లాగే పంపు విప్పి చూస్తే, లోపలి రబ్బరు చక్రానికి రెండు రెక్కలు విరిగి ఉన్నాయి. కొత్తది వేశారు. లైటుకు కొత్త మూత బిగించారు. ఇంట్లో విషయం చెప్పే పని సరంగుగారే పెట్టుకున్నాడు. అత్తగారు గంటసేపు తిట్టి, మర్నాడు తనే చెయ్యిపట్టుకుని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. రేవు ఆఫీసులో చెబితే, ఆయన భయపడినంత పని వాళ్లు చేయలేదు. చెవి మిషను పెట్టుకోవాలని, ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవాలని రాయించుకుని పంపేశారు.

రెండు నెలలకు కోడలికీ లైసెన్సు వచ్చింది. పొద్దుటి ట్రిప్పులు ఆమెవి, మధ్యాహ్నం ట్రిప్పులు ఆయనవి. ఇప్పుడు రేవులోకి వచ్చినవాళ్లు, "పెద్ద సరంగా, చిన్న సరంగా?" అని అడిగి మరీ పడవెక్కుతున్నారు.