టోపీలో పందొమ్మిది కాగితాలు

జొసయా పెన్నక్ ఇంగ్లండు పార్లమెంటులోని కామన్స్ సభలో సభ్యుడై పదకొండేళ్ళయినా నోరు విప్పింది లేదు. ఓటెయ్యమంటే వేస్తాడు, టీ తాగమంటే తాగుతాడు, మాట్లాడమంటే మాత్రం ముచ్చెమటలు పోస్తాయి. అలాంటివాడు ఈరోజు మాట్లాడి తీరాలి. అతని ఊళ్ళో బొగ్గుగని కూలి, ఉన్న ఒక్క దారీ మూసుకుపోయి, నలభైమంది లోపలే ఊపిరాడక చనిపోయారు. ప్రతి గనికీ రెండో దారి ఉండాలన్న బిల్లు ఇవాళ చర్చకు వస్తోంది. భర్తనీ ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకున్న డోర్కాస్ హెస్లప్‌కి, ఆ నలభై పేర్లూ సభలో చదువుతానని మాటిచ్చాడు. ఆవిడ రైలెక్కి వచ్చి, పైన ఆడవాళ్ళ గ్యాలరీలో కటకటాల వెనక కూర్చుంది కూడా.

ప్రసంగం పందొమ్మిది కాగితాలు. చేత్తో పట్టుకుంటే వణుకు బయటపడుతుందని వాటిని టోపీలో పెట్టి, టోపీని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకున్నాడు.

బిల్లు తెచ్చిన సర్ లయొనెల్ పొద్దున్నే చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఒక చర్చలో ఎవరైనా ఒక్కసారే మాట్లాడాలి. అందుకని బిల్లును బలపరిచే పెన్నక్ లేవకూడదు, నోరు మెదపకూడదు; ఒక్క మాటన్నా అదే అతని ప్రసంగం కింద లెక్క. కూర్చున్నచోటే నెత్తిమీది టోపీ కాస్త ఎత్తితే చాలు, మాట్లాడే వంతు భద్రంగా మిగిలి ఉంటుంది.

సర్ లయొనెల్ మాట్లాడి కూర్చున్నాడు. సభంతా పెన్నక్ వైపు తిరిగింది. అతని చెయ్యి నెత్తిమీదకి వెళ్ళింది, అక్కడ జుట్టు తప్ప ఏమీ లేదు. టోపీ పెట్టుకుందామంటే కాగితాలన్నీ బెంచీల కింద చెల్లాచెదురవుతాయి. ఏం చేస్తున్నాడో తెలియకుండానే లేచి, "బలపరుస్తున్నాను" అనేసి కూర్చున్నాడు. సర్ లయొనెల్ కళ్ళు మూసుకున్నాడు.

ఎవరూ పట్టించుకోలేదేమోనన్న ఆశతో పెన్నక్ గంటసేపు ముళ్ళమీద కూర్చున్నాడు. చివరికి కాగితాలు తీసుకుని లేచాడు.

"గౌరవ సభ్యులు ఇంతకుముందే మాట్లాడారు," అన్నాడు స్పీకర్.

సభ గొల్లుమంది. పెన్నక్‌కి తల కొట్టేసినట్టయింది. పక్కనున్న సభ్యుడు బీల్ చేతిలో కాగితాలు కుక్కి, నువ్వైనా చదవమని బతిమాలాడు.

"భోజనం వేళకి నలభై పేర్లా? బెంచీతో సహా బయట పడేస్తారయ్యా నన్ను," అని బీల్ వాటిని తిరిగిచ్చేశాడు. ఇంకో ఇద్దరు తల తిప్పుకున్నారు.

పెన్నక్ మెట్లెక్కి పైకి వెళ్ళి డోర్కాస్‌ని నడవలోకి పిలిచాడు. ఆ పేర్లు ఆవిడకే చదవడం మొదలుపెట్టాడు. చిత్రం, గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. చిన్నకొడుకు పేరు దగ్గర ఆవిడ కాగితంమీద చెయ్యి పెట్టింది.

"ఈ పేర్లు నాకు తెలుసయ్యా. తెలియనివాళ్ళు కింద ఉన్నారు."

కింద ఓటింగు గంట మోగింది. డోర్కాస్ కాగితాలు సరిగ్గా మడిచి అతని టోపీలో పెట్టింది.

"వెళ్ళండి. ఓటన్నా వేసి రండి."