చప్పుళ్ళ చదువు

లొవీనా ఆ బడికి వచ్చి రెండో ఏడు. వయసు ఇరవై. అమెరికాలో ఇప్పటికీ గుర్రబ్బళ్ళతోనే బతికే మా ఆమిష్ వాళ్ళలో పంతులమ్మంటే పెళ్ళికాని పిల్లే, తను చదివిందీ ఎనిమిదో తరగతే. పిల్లల తండ్రులు ముగ్గురు కమిటీగా కూర్చుని "చెప్పమ్మా" అంటే చెప్పాలి, "చాల్లే" అంటే ఇంటికి పోవాలి. ఒకే గది, ఎనిమిది తరగతులు, ఇరవై ఏడుగురు పిల్లలు, మధ్యలో బొగ్గు పొయ్యి. అంత చాకిరీ ఉన్నా ఆ పిల్లకి బడంటే ప్రాణం. అది పోతే మళ్ళీ అన్న కోళ్ళ షెడ్డే గతి.

మొదటి ఏడు అందరిలాగే ఏ, బీ, సీ అని పాట కట్టి నేర్పింది. పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్ళు. వినడానికి వచ్చిన తల్లులు మురిసిపోయారు. తీరా 'హ్యాట్' అనే మాట రాసి చదవమంటే లీవై అనే పిల్లాడు "హెచ్, ఏ, టీ" అని అక్కడే చతికిలబడ్డాడు. ఇంట్లో మాటలన్నీ మా పాత భాష డచ్చిలోనే నడుస్తాయి, బళ్ళోకి వచ్చాకే ఇంగ్లీషు మొహం చూస్తారు పాపం. ఆ మూడు పేర్లూ ఎంత గట్టిగా కలిపి అరిచినా అందులోంచి టోపీ ఎలా ఊడిపడుతుంది? 'హెచ్' అనే పేరులో 'హ్' అనే చప్పుడే లేదాయె! 'డబుల్యూ' సంగతి సరేసరి, అంత పొడుగు పేరు పెట్టుకుని అది చేసే చప్పుడు ఇంతే. వాడు బల్ల మీద తలపెట్టి ఏడ్చాడు. లొవీనా ఇంటికెళ్ళి ఏడ్చింది.

అందుకని ఈ ఏడు పేర్ల జోలికి పోలేదు. అక్షరం చూపిస్తే అది చేసే చప్పుడే చెప్పాలి, అంతే. పేర్లు తర్వాత తీరిగ్గా నేర్పొచ్చనుకుంది. జనవరి దాటేసరికి ఒకటో తరగతి నలుగురూ చప్పుళ్ళు కలుపుకుంటూ చిన్న చిన్న మాటలు చదివేస్తున్నారు. మాటకి అర్థం తెలియకపోయినా చదువుతారు. అర్థం అడిగితే లొవీనా డచ్చిలో చెప్పేది.

ఈ సంగతి కమిటీ పెద్ద ఈనస్ ట్రోయర్ చెవిన పడిన తీరు మాత్రం బాగాలేదు. అతని చిన్న కూతురు వెర్నా ఒకటో తరగతే. ఫిబ్రవరిలో ఇండియానా నుంచి చుట్టాలు వచ్చారు. భోజనాలయ్యాక తాత మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గోడ మీది క్యాలెండర్ చూపించి, ఇదేం అక్షరమే అని అడిగాడు. వెర్నా బుద్ధిగా "మ్మ్" అంది. పక్కది చూపిస్తే "స్స్" అంది. చుట్టాలు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఒహోయ్ ఈనస్, పిల్లని బడికి పంపిస్తున్నావా, పశువుల కొట్టానికా? ఒకసారి ఆవు, ఒకసారి పామూనూ!" అన్నాడు బావమరిది. ఈనస్‌కి తల తీసేసినట్టయింది.

మార్చిలో ఒక మధ్యాహ్నం బడి వదిలే వేళకి అతను బండి కట్టుకుని వచ్చాడు. పిల్లలంతా భోజనం డబ్బాలు ఊపుకుంటూ వెళ్ళిపోయారు. నాన్న గుర్రాన్ని చూసి వెర్నా ఒక్కతే ఆగింది. ఈనస్ లోపలికొచ్చి, టోపీ తీసి, గోడ మీది అక్షరాల పట్టీ కేసి ఒకసారి చూశాడు.

"అమ్మాయ్, ఆరు నెలలైంది. మా పిల్లకి ఒక్క అక్షరం పేరు రాదేం?"

"పేర్లు ఇంకా చెప్పలేదు ఈనస్. చప్పుళ్ళు చెప్పాను." మా వాళ్ళలో అయ్యా, గారూ ఉండవు. ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తాం.

"అదే అడుగుతున్నా. నేను ఏబీసీలే నేర్చుకున్నా, మా నాన్నా అవే నేర్చుకున్నాడు. చదువు రాలేదా మాకు? ఈ చప్పుళ్ళ చదువు ఎవరు నేర్పారు నీకు?"

"లీవై నేర్పాడు" అంది లొవీనా. అతనికి అర్థం కాలేదు. కిందటేడు సంగతంతా విప్పి చెప్పింది. ఈనస్ వింటున్నట్టే నిలబడ్డాడు గానీ ఒక్క ముక్కా చెవిన వేసుకోలేదు.

"నన్ను తీసేస్తున్నారా?" అని నేరుగానే అడిగేసింది.

"ఛ, ఇంకా ఏమీ అనుకోలేదు. వచ్చే వారం ముగ్గురం కూర్చుంటాం. అప్పుడు చూద్దాం."

"అయితే కూర్చునే ముందు మీ అమ్మాయి చదవడం ఒక్కసారి వినండి." లొవీనా వాచకం తీసింది. వెర్నా పరిగెత్తుకొచ్చి ఒక పేజీ గడగడా చదివేసింది.

ఈనస్ చెయ్యి విదిలించాడు. "రోజూ అదే పుస్తకం. కంఠతా పట్టేసింది. చిలక్కి నేర్పినా చదువుతుంది."

లొవీనాకి ఒళ్ళు మండింది. "సరే, నా పుస్తకం వద్దు. వెర్నా ఇంతవరకూ చూడనిది మీరే ఇవ్వండి. ఏదైనా సరే."

ఈనస్ బయటి జేబులు తడుముకున్నాడు. దాణా కొట్టు చీటీ దొరికింది, దాన్నిండా అంకెలే. ఈలోగా వెర్నా, ఆదివారాలు ప్రార్థనలో పిప్పరమెంటు కోసం అలవాటైన చెయ్యి కదా, నాన్న కోటు లోపలి జేబులోకి దూర్చి ఒక పోస్టుకార్డు లాగింది. "ఇది చదవనా నాన్నా?"

ఈనస్ చెయ్యి కార్డు మీదకి వెళ్ళి ఆగింది. అది పోస్టులో వేయాల్సిన కార్డు. లాక్కుంటే ఏమిటో అనుకుంటుంది పంతులమ్మ. లాక్కోకపోతే మాత్రం కొంప మునుగుతుందా? ఈ పిల్లకి 'ఎమ్' అనడమే రాదు. ఈ మాట ఇద్దరి ముందూ తేలిపోతే తనకే మంచిది. "చదువు, చూద్దాం" అన్నాడు, మీసం లేని మూతి మీద చిన్న నవ్వు పెట్టుకుని.

మాట్లాడుకునేది డచ్చిలోనైనా మా వాళ్ళు ఉత్తరాలు ఇంగ్లీషులోనే రాస్తారు. ఈనస్‌వి ముత్యాల్లాంటి విడివిడి అక్షరాలు. వెర్నా వేలు పెట్టుకుని మొదలెట్టింది. "ఎ... డ్... న... ఎడ్న. ఎడ్నా!" తలెత్తి చూసి మళ్ళీ దిగింది. ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ, తట్టుకుంటూ, వెనక్కొచ్చి సరిచేసుకుంటూ ఒక వరుస పూర్తి చేసింది. ఏం చదివిందో దానికి సగం తెలియదు. వింటున్న ఇద్దరికీ మొత్తం తెలుసు. ఎడ్నా, సెప్టెంబరు నుంచి మా బడికి నువ్వు వస్తావా, అని ఉందా వరుసలో. ఎడ్నా పక్క పేటలో పంతులమ్మ, పేరున్న పిల్ల.

ఈనస్ మొహం మీద నవ్వు ఎప్పుడు పోయిందో అతనికే తెలియదు. "చాల్లే, బాగానే చదివావు" అని చెయ్యి చాపాడు.

"ఇంకో వరుస ఉంది నాన్నా!" వెర్నా కార్డు వెనక్కి తీసుకుంది. "లొ... వీ... లొవీనా! నీ పేరు, నీ పేరుంది ఇందులో! లొవీనా విల్..." అక్కడ ఆగిపోయింది. వేలు తర్వాతి మాట కింద పెట్టి పంతులమ్మ కేసి చూసింది. "ఇవి రెండూ పక్కపక్కన ఉంటే ఏం చప్పుడు? మర్చిపోయాను."

లొవీనా వంగి చూసింది. అది ఏ మాటో చూడగానే తెలిసిపోయింది. పిల్ల మాత్రం ఎదురు చూస్తోంది. ఆరు నెలలుగా ఎప్పుడు అడిగినా జవాబు దొరికిన పిల్ల అది.

"క్వ్" అంది లొవీనా.

"క్వ్... ఇ... ట్. క్విట్! లొవీనా విల్ క్విట్." వెర్నా చప్పట్లు కొట్టుకుంది. "మొత్తం చదివేశా! క్విట్ అంటే ఏంటి నాన్నా?"

 

"చెప్పండి" అంది లొవీనా. "రాసింది మీరే కదా. నేను మానేస్తానని మీతో ఎప్పుడన్నాను? ఇంకా ఏమీ అనుకోలేదని ఇప్పుడేగా, నా మొహం చూసి చెప్పారు!"

"ఎడ్నా మంచి పిల్ల" అని గొణిగాడు ఈనస్. "ఇంకో పిల్ల చేతిలోంచి బడి లాక్కోమంటే ఒప్పుకోదు. నీ అంతట నువ్వే వెళ్తున్నావంటే తప్ప రాదు. అందుకని..."

"అందుకని నేననని మాట నా నోట్లో పెట్టారు." లొవీనా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. తీసేస్తే తీసేశారు, ఊళ్ళో అందరూ తనే వదిలేసిపోయిందనుకుంటే ఈ ఇరవై ఏడుగురికీ మొహం ఎలా చూపించేది? అన్నిటికన్నా అదే కోసేసింది ఆ పిల్లని.

వెర్నా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మొహం చిన్నబోయింది. "నేను తప్పు చదివానా?"

"లేదమ్మా. ఒక్క అక్షరం కూడా తప్పు చదవలేదు" అంది లొవీనా.

"మరి క్విట్ అంటే?"

ఈనస్ పిల్లల బెంచీ మీద కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. కూతురికి ప్రతి మాటా అర్థమయ్యేలా డచ్చిలో, నెమ్మదిగా చెప్పాడు. "మానేయడం. లొవీనా బడి మానేస్తుందని రాశాను. అది అబద్ధం తల్లీ. నాన్న అబద్ధం రాశాడు."

వెర్నా కార్డుని మళ్ళీ చూసుకుంది. అబద్ధాన్ని కూడా అంత కష్టపడి చదవాల్సి వచ్చినందుకు కాబోలు, కాస్త కోపంగానే తండ్రి చేతిలో పెట్టేసింది. ఈనస్ లేచి దాన్ని పొయ్యిలో వేశాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"బడి నీదే అమ్మాయ్. మిగతా ఇద్దరికీ నేను చెప్పుకుంటాను."

"వాళ్ళకీ నేను మానేస్తాననే చెప్పారా?"

"అలాగే చెప్పాను" అన్నాడు ఈనస్.

"అయితే బడి నాదని చెప్తే సరిపోదు" అంది లొవీనా, వెర్నాకి కోటు గుండీలు పెడుతూ. "ఇప్పుడు దీనికి చెప్పింది వాళ్ళకీ చెప్పండి. ఇదే మాట, ఇలాగే."

"చెప్తాను" అన్నాడు ఈనస్. కూతురి చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి నడిచాడు. గుర్రాన్ని ఇంటి దారి కాకుండా ఎడమకి, మిగతా కమిటీ వాళ్ళ ఇళ్ళ వైపు మళ్ళించాడు.