మందుల యాప్‌లో మాటల కిటికీ

జయంతి పని చేసే కంపెనీ బర్మాలోని యాంగోన్ నగరంలో ఇళ్ళకు మందులు పంపేది. చిన్న కంపెనీ. యాప్ తయారుచేసే పని జయంతిది. ఆర్డర్లు, ఫిర్యాదులు చూసుకునే పని నైన్ లిన్ అనే అతనిది. అంతటికీ యజమాని, పూర్వం మందుల షాపు నడిపిన డో తిన్ తిన్ అనే పెద్దావిడ.

ఆ ఫిబ్రవరిలో సైన్యం అధికారం చేతిలోకి తీసుకుంది. జనం వీధుల్లోకి వచ్చారు. నెల తిరిగేసరికి వీధి మొగల్లో ఇసుక బస్తాలు, వెదురు బొంగులు అడ్డంగా లేచాయి. ఆఫీసులో ఫోన్లు తీసే అమ్మాయిలు ఇళ్ళు కదలలేకపోయారు. ఫోన్ మోగి మోగి ఆగిపోయేది.

"యాప్‌లోనే రాసి అడిగేట్టు ఏదైనా పెట్టు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని జవాబు చెబుతారు" అంది డో తిన్ తిన్.

అలా జయంతి చాట్ విండో మొదలుపెట్టింది. నగరంలోనే తామ్వే పేటలో, రెండో అంతస్తులో ఉన్న ఇంట్లో, వరండా పక్కన బల్ల వేసుకుని పని చేసేది. వంటింటి వైపు తల్లి వీరలక్ష్మి కుట్టుమిషను. జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు రావడం మానేశాక దాని మీద దుప్పటి కప్పి ఉంచారు. భర్త లింగరాజు పోయినప్పటినుంచీ వీరలక్ష్మికి తెలుగులో మాట్లాడే తోడు పెద్దగా లేదు. కూతురికి తెలుగు అర్థమవుతుంది గానీ, నోరు తెరిస్తే సగం బర్మీసే వస్తుంది.

"ఏటే అది, పొద్దస్తమానూ ఆ గళ్ళూ గీతలూ?"

"చాట్ విండో అమ్మా. జనం ఇందులో రాస్తారు. మేం జవాబిస్తాం."

"విండో అంటే కిటికీ గదా?"

"ఆ, కిటికీయే."

ఇంటర్నెట్ ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని నెట్ లేనప్పుడు రాసింది ఫోన్‌లోనే ఆగి, నెట్ వచ్చాక వెళ్ళేట్టు చేసింది. రాయడం రానివాళ్ళు మాట్లాడి పంపడానికి మైకు బొమ్మ పెట్టింది. తనే రెండు ఫోన్లు పట్టుకుని ఒకదాన్నుంచి ఇంకోదానికి "అన్నం తిన్నావా" అని బర్మీస్‌లో పంపుకుంటూ పరీక్షించింది.

ఒక రోజు ఆఫీసుకు వెళ్తుంటే వంతెన దగ్గర బస్సు ఆపారు. సైనికుడొకడు అందరి ఫోన్లూ తీసుకుని చూస్తున్నాడు. జయంతి ఫోన్‌లో ఫోటోలు చూసి, తర్వాత యాప్ తెరిచాడు. ఆమె పరీక్షకు రాసుకున్న మాటలన్నీ వరసగా ఉన్నాయి.

"అన్నం తిన్నావా అని ఎవరిని అడుగుతున్నావ్?"

"ఎవరినీ కాదండీ. నేనే రాసి నేనే చూసుకుంటున్నాను. పని."

అతను ఆమె ముఖం కాసేపు చూసి ఫోన్ తిరిగిచ్చాడు. వెనక సీటు కుర్రవాణ్ణి మాత్రం కిందికి దించారు. బస్సు కదిలాక జయంతి యాప్ మళ్ళీ తెరిచి చూసుకుంది. ఆ వారం ఆర్డర్లు ఆమెకు తెలుసు. గాజుగుడ్డ, సెలైన్, కాలిన గాయాలకు పూసే మందు. వీధుల్లో గాయపడ్డవాళ్ళలో అవి ఎవరికి కావాలో, ఏ ఇంటికి పంపాలో రేపు చాట్‌లో రాస్తారు. ఆ రాత ఫోన్‌లో అలాగే ఉంటుంది.

ఆఫీసుకు వెళ్ళగానే డో తిన్ తిన్‌తో చెప్పింది. "కిటికీ మూయగానే మాటలన్నీ పోవాలి. వాళ్ళ ఫోన్‌లోనూ వద్దు, మన దగ్గరా వద్దు."

డో తిన్ తిన్ ఒప్పుకోలేదు. "మందు రాలేదని ఒకడంటాడు. ఇచ్చామని మనమంటాం. దేన్ని చూపిస్తావు?"

జయంతి బస్సులో జరిగింది చెప్పింది. ఆ కుర్రవాడి సంగతి కూడా. పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"సరే. మోసపోతే మోసపోదాం" అంది చివరికి.

వానలు పడే నాటికి వీధుల్లో గోల అణిగింది గానీ, దాని వెనకే కరోనా జ్వరాలు వచ్చాయి. ఇల్లు దాటి రావద్దన్నారు. నది అవతల ఉన్న దలా అనే ఊరికి ఫెర్రీ ఆపేశారు. చాట్‌లో అందరూ ఆక్సిజన్ కోసమే అడిగేవారు. నైన్ లిన్ ఉన్నది ఉందని, లేనిది లేదని జవాబు రాసేవాడు. ఒక మధ్యాహ్నం అతను జయంతికి ఫోన్ చేశాడు.

"ఒక ముసలావిడ గొంతు పంపింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మీ భాషేమో విను."

జయంతి విన్నది. "అమ్మా, నాను దలా నుంచి మాటాడతన్నాను. నా పేరు దేముడమ్మ. మా ఇంటాయనకి సుగరు. సూదిమందు అయిపోనాది. పడవ ఆపీసినారు. నా మాట మీకు తెలుస్తాదో లేదో నాకు తెల్దు."

జయంతి మైకు నొక్కి "మేం పంపుతాం" అంది. ఆ తర్వాత అడగాల్సినవి తెలుగులో రాలేదు. ఫోన్ పట్టుకెళ్ళి తల్లి ముందు పెట్టింది.

వీరలక్ష్మి చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఫోన్ దగ్గరికి వంగింది. "అక్కా, బయపడకండి. నాను వీరలక్ష్మిని. తామ్వేల ఉంటన్నాం. ఆయన పేరేటి? ఆకరి సూది ఎప్పుడు ఏసినారు?"

జవాబు వెంటనే వచ్చింది. ఆయన పేరు జోగి. నిన్న పొద్దున్న వేసిందే చివరిది. ఏ మందో, ఎంతో, ఖాళీ సీసాను ఫోటో తీసి పంపింది. మందు కంపెనీలో ఉంది. దాన్ని చల్లగా నది దాటించడమే కష్టం. నైన్ లిన్ జెట్టీ దాకా తెస్తానన్నాడు గానీ, అక్కణ్ణుంచి ఎవరికివ్వాలో తెలియదు.

ఈలోగా వీరలక్ష్మి ఊరకుండలేదు. అక్కడ కూరలేటి దొరుకుతున్నాయని అడిగింది. తింటన్నారా లేదా అని అడిగింది. బర్మాకు వలస వచ్చిన వాళ్ళ పెద్దలు గంజాం జిల్లాలో ఏ ఊరివాళ్ళని అడిగింది. జయంతికి చిరాకు వేసింది.

"అమ్మా, మందు సంగతి తేలనీ."

"నువ్వుండవే."

ఆ మాటల్లోనే తెలిసింది. దేముడమ్మ పక్కింటి అతను పొద్దుటే తూటికూర కట్టలు పడవలో వేసుకుని ఇవతలి ఒడ్డుకు తెస్తాడట. కూరలకు అభ్యంతరం లేదట. అమ్ముకుని ఖాళీ పడవతో తిరిగి వెళ్తాడట.

మర్నాడు పొద్దున నైన్ లిన్ టీ ఫ్లాస్కులో మంచు ముక్కలు వేసి, మందు సీసా పెట్టి, కూరల పడవ అతని చేతికిచ్చాడు. మధ్యాహ్నానికి కిటికీలో గొంతు వచ్చింది. "అందినాది అమ్మా. సూది ఏసీసినాను. పడుకున్నాడు. సెల్లీ, నీ మాట ఇంటే మా అమ్మ కాడ కూకున్నట్టున్నాది."

ఆ తర్వాత కిటికీ మూతపడింది. జయంతి చేసిన ఏర్పాటు ప్రకారం మాటలన్నీ చెరిగిపోయాయి.

వీరలక్ష్మి మర్నాడు అడిగింది. "ఆ అక్కేటైనా పెట్టినాదా?"

"లేదమ్మా."

"నువ్వే ఒక మాట పంపు."

"కుదరదు. నంబరు మన దగ్గర ఉండదు. మూసేస్తే అన్నీ పోతాయి. నేనే అలా చేశాను."

వీరలక్ష్మికి ఇది మింగుడు పడలేదు. "మాటలు తుడిసీ. మనిసిని కూడా తుడిసీడమేటే?"

జయంతి ఎందుకలా చేసిందో చెప్పింది. తల్లి విన్నది, కాదనలేదు. కానీ రోజూ అడగడం మానలేదు. జయంతి కూడా వచ్చే ప్రతి గొంతునూ ముందు తనకే పంపమని నైన్ లిన్‌తో చెప్పింది. వాటిలో దేముడమ్మ గొంతు లేదు.

వానలు వెనకబడ్డాక ఫెర్రీ మళ్ళీ తిరిగింది. ఒక ఆదివారం తల్లీ కూతుళ్ళు దలాకు వెళ్ళారు. తూటికూర తెచ్చే పడవ అతని ఇల్లెక్కడని ఒడ్డున అడిగితే చూపించారు. దాని పక్కన, గుంజల మీద నిలబెట్టిన రేకుల ఇల్లు. కింద నీళ్ళలో బాతులు. మెట్ల మీద ఒక ముసలావిడ చేపలు తోముతోంది.

"దేముడమ్మక్క?" అంది వీరలక్ష్మి.

ఆవిడ చేప అలాగే పట్టుకుని చూసింది. "కిటికీల సెల్లివా?"

లోపల చాప వేసింది. టీ పెట్టింది. జోగి ఏడని వాళ్ళు అడగకముందే తనే చెప్పింది. సూదిమందు అందాక బాగానే లేచి తిరిగాడు. తర్వాత కొన్నాళ్ళకు జ్వరం పట్టింది. ఊపిరి ఆడలేదు. సీసాలో ఇంకా మందు ఉండగానే పోయాడు. పక్కింటి అతనూ ఇంకొందరూ మాత్రమే మోసుకెళ్ళారు.

"మాతో ఒక్క మాట సెప్పకపోనావా అక్కా" అంది వీరలక్ష్మి.

"అది మందుల కిటికీ గదమ్మా. మందు కావాలంటే తెరవాలనుకున్నాను. ఇంక మందక్కర్లేకపోనాది."

జయంతి టీ గ్లాసు కింద పెట్టింది. "పెద్దమ్మా" అంటూ దగ్గరికి జరిగింది. దేముడమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "సన్నగున్నావు, తింటన్నావా లేదా" అంది.

వీరలక్ష్మి తన ఫోన్ నంబరు దేముడమ్మ ఫోన్‌లో కూతురి చేత పెట్టించింది. తామ్వే వచ్చి కొన్నాళ్ళు ఉండమంది. బాతుల్ని ఎవరు చూస్తారంది దేముడమ్మ. అయితే నేనే వస్తానంది వీరలక్ష్మి. అన్నట్టే ఆదివారాలు వెళ్ళడం మొదలుపెట్టింది. ఫెర్రీ లేని వారం ఫోన్‌లోనే గంటలు గడిచేవి. ఆ ఇంట్లో ఇంత తెలుగు జయంతి చిన్నతనం తర్వాత ఎన్నడూ వినలేదు.

మొదటిసారి దలా వెళ్ళొచ్చిన మర్నాడు, సోమవారం, జయంతి డో తిన్ తిన్‌ను ఒక మాట అడిగింది. కిటికీ తెరవగానే పైన "మందు కోసం కాకపోయినా మాట్లాడవచ్చు" అని రాస్తానంది.

"జవాబు చెప్పేవాడు నైన్ లిన్ ఒక్కడే" అంది డో తిన్ తిన్.

"కాసేపు నేనూ కూర్చుంటాను."

చెరిపేసే ఏర్పాటు అలాగే ఉంచింది. పైన ఆ ఒక్క వాక్యం చేర్చింది. మొదటి కొన్ని రోజులు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. తర్వాత ఒక సాయంత్రం నగరం చివర మింగళాడోన్ నుంచి ఎవరో రాశారు. మందేమీ వద్దట. వాళ్ళ వీధిలో కరెంటు ఇప్పుడే వచ్చిందట, అక్కడ వచ్చిందా అని.

"వచ్చింది" అని రాసింది జయంతి. "మీరు ఇంట్లో ఒక్కరే ఉన్నారా?"

అటునుంచి టైపు చేస్తున్నట్టు చుక్కలు కదిలాయి. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.