మెలిపెట్టిన చెవి

ఒనొరాతా కొడుకు పేరు సిరిలో. పుట్టు చెవిటివాడు. వాడి మాటంతా వేళ్ళలోనే. అది తల్లి ఒనొరాతాకు అర్థమయ్యేది. ఆమె తర్వాత పక్కింటి గాస్పర్‌కు. చర్చిలో గాస్పర్‌కు జ్ఞానస్నానం చేయించిన నాడు చేతుల్లో ఎత్తుకున్నది ఒనొరాతాయే. ఎండబెట్టిన చేపలు దొంగిలిస్తే చెవి మెలిపెట్టిందీ ఆమే. అది చూసి సిరిలో వాడికొక సైగ పేరు పెట్టాడు: చెవి తమ్మె పట్టుకుని లాగడం.

ఆ గాస్పర్ ఇప్పుడు పోలీసు. రేవులో పడవ ఇంజను పోయిందని సిరిలోను పట్టుకుపోతే, ఆమె స్టేషనుకు పరుగెత్తింది. అడిగినదానికి బదులు చెప్పకపోతే పొగరనుకుంటారు, నువ్వు దగ్గరుండు నాయనా అని బతిమాలుకుంది.

"దిగులెందుకు నీనాంగ్? ఆ మూగోడి మాట నాకు రాదా ఏంటి? నువ్వు మెలిపెట్టిన చెవి ఇంకా ఎర్రగానే ఉంది చూడు" అని నవ్వాడు గాస్పర్. జ్ఞానస్నానపు తల్లిని ఆ ఊళ్ళో నీనాంగ్ అనే పిలుస్తారు. ఆ నవ్వు చూశాకే ఆమెకు అన్నం సహించింది.

మళ్ళీ కొడుకును చూడనిచ్చేసరికి వాడి వేళ్ళు వాచి అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. కాలుజారి పడ్డాడన్నారు పోలీసులు. వెంట వచ్చిన లాయరమ్మ నమ్మలేదు. ఎవరిని హింసించినా నేరమే, ఇతని వేళ్ళు విరిచారంటే నాలుక కోసినట్టే, దానికి దేశాలన్నీ ఒప్పుకున్న చట్టముంది అంది. కానీ కొట్టిందెవరో తేలకపోతే కాలుజారాడన్నదే నిలుస్తుందనీ చెప్పింది.

ఎవరు అని ఒనొరాతా సైగ చేసి అడిగింది. సిరిలో చెయ్యి ఎత్తబోయి దించేశాడు. తర్వాత తల వంచి, చెవిని భుజానికేసి రుద్దాడు. తల్లి కళ్ళలోకి చూస్తూ మళ్ళీ రుద్దాడు.

"చెవి నొప్పంటున్నాడామ్మా?" అని అడిగింది లాయరమ్మ.

అవునంటే అక్కడితో పోతుంది. గాస్పర్ తల్లి రేపు కూడా గోడ మీంచి ఉప్పు అడుగుతుంది. కానీ ఆ స్టేషనులో మిగతావాళ్ళయితే వీపు మీద కొట్టేవాళ్ళు, కాళ్ళ మీద కొట్టేవాళ్ళు. వీడి నాలుక ఎక్కడుందో తెలిసినవాడు ఒక్కడే.

"నొప్పి కాదమ్మా, అది పేరు" అంది ఒనొరాతా.

ఏం పేరని లాయరమ్మ అడిగింది. జ్ఞానస్నానం నాడు బిడ్డ పేరేమిటని ఫాదర్ అడిగితే చెప్పినట్టే, ఇంటిపేరుతో సహా, గట్టిగా చెప్పింది.