వంపు తెర మీద ఒక్క వాక్యం

కంప్యూటర్ తెర పెట్టెను నిలబెడితే రిజెల్ నడుము దాటి వచ్చింది. అత్తగారు పురిత వాకిట్లోనే ఆగి దాన్ని కిందికీ మీదికీ చూసింది. కోడల్ని ఆమె ‘దై’ అనే పిలుస్తుంది, వాళ్ళ భాషలో అమ్మాయీ అని.

“ఏమే దై, శవపేటిక తెచ్చినట్టు తెచ్చావు. పిల్లదాని ఉయ్యాల ఎక్కడ పెట్టమంటావు?”

“నాలుగు రోజులే అత్తమ్మా. మీ గదిలో కట్టుకుందాం.”

“నా గదిలో గాలాడదు. చెమటకాయలు లేస్తే నన్ననకు మరి.”

ఆ మాట చెవిన పడగానే రిజెల్ చెయ్యి దానంతటదే బియా మెడ మీదికి పోయింది. ఏడు నెలల పిల్ల. మెడ చల్లగానే ఉంది. అయినా రెండోసారి కూడా తడిమి చూసుకుంది. అప్పుడుగానీ పెట్టె మీద అంటించిన కాగితం చదవడానికి మనసు రాలేదు.

సెబూ నగరంలో కంప్యూటర్ సామాన్లు చూసి వీడియోల్లో మంచీ చెడూ చెప్పేవాళ్ళు ఆరుగురుంటే, పంపిణీదారు ఇచ్చేది ఒక్క తెరే. అది ఇల్లిల్లూ తిరగాలి. ఎవరి తర్వాత ఎవరో కాగితం మీద రాసి ఉంటుంది. అందరికంటే ముందు చూసినవాళ్ళు తమ కొలతలు ఒక చీటీలో రాసి పెట్టెలో పెట్టాలి. లారీలో కుదుపులకి తెర చెడిందా లేదా అని తర్వాతివాళ్ళు దానితో పోల్చుకుంటారు. తన కొలతలు తాను తీసుకున్నాకే చీటీ విప్పడం మర్యాద. ఆ మర్యాద ఎక్కడా రాసి లేదు. నమ్మకం మీద నడుస్తోంది.

ఈసారి మొదటి ఇల్లు రిజెల్‌ది. రెండోది వెండెల్ తుములాక్‌ది.

ఆ పేరు చూడగానే ఆమె నోరు చేదైపోయింది.

మూడేళ్ళు వెండెల్ దగ్గర పనిచేసింది ఆమె. అతని చానెల్ పేరు ‘వెండెల్ స్వయంగా చూశాడు’. చూసింది మాత్రం రిజెల్. వెలుతురు కొలిచింది, రంగులు కొలిచింది, చివరికి అతను కెమెరా ముందు నవ్వుతూ చెప్పే మాటలు కూడా ఆమే రాసింది. అతను తలుపు దగ్గరున్న అద్దంలో జుట్టు సరిచేసుకుని, వచ్చి చదివేవాడు. ఇతరుల చీటీ పెట్టెలో వస్తే ఇంకా సంతోషం, అందులో ఉన్నదే దించేసుకుని ఆ రోజు రిజెల్‌ని కూడా తొందరగా ఇంటికి పంపేసేవాడు.

ఆమెకి ఏడో నెల వచ్చాక ఒకరోజు అన్నాడు, “నల్ల తెరలో, అద్దంలోలాగా, నీ కడుపు కనిపిస్తోంది రిజెల్. జనం తెరని చూడాలా, నీ కడుపుని చూడాలా? పురుడు పోసుకుని రా.” పురుడయ్యాక వెళితే ఆమె కుర్చీలో ఇంకో అమ్మాయి ఉంది.

అదొక్కటే అయితే మరిచిపోయేదేమో. అంతకుముందు ఏడాది ఒక తెర చూసినప్పుడు ఆమె తన కాగితంలో స్పష్టంగా రాసింది: ‘ఒకే బొమ్మ మూడు గంటలుంచితే మచ్చ పడుతోంది. ఆఫీసు పనికి కొనవద్దు.’ వెండెల్ ఆ వాక్యం మింగేసి, కొనండి కొనండి అన్నాడు. కొన్నవాళ్ళ తెరల మీద మచ్చలు పడ్డాయి. జనం అతని మీద విరుచుకుపడితే, దండం పెట్టి, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని చెప్పాడు: “నా దగ్గర పనిచేసిన రిజెల్ కబహుగ్ అనే అమ్మాయి కొలతలు తప్పు. కాలేజీ మధ్యలో మానేసిన పిల్లని నమ్మాను. నాదే పొరపాటు.”

పేరుతో సహా చెప్పాడు. ఆ రోజుకి బియా పుట్టి పంతొమ్మిది రోజులు. పాలు పడక పిల్ల ఏడుస్తుంటే, ఫోనులో జనం తిట్లు చదువుతూ ఆమె ఏడ్చింది. తర్వాత సొంతంగా చిన్న చానెల్ పెట్టుకుంటే, ఏ వీడియో కింద చూసినా అదే మాట. ‘తప్పుడు కొలతల పిల్ల ఈమేనా?’

తెర బిగించింది. కుట్టుమిషను బల్ల మీద పట్టలేదు. బల్లని గోడకి జరిపి, తెర కింది కాళ్ళు ముందుకు లాగితే అప్పుడు నిలబడింది. పక్కపక్కన రెండు తెరలు పెట్టినంత వెడల్పు, మధ్యలో గీత లేదు, రెండు చివర్లూ మనిషిని ఒళ్ళోకి తీసుకోబోతున్నట్టు ముందుకి వంగి ఉన్నాయి.

మొదటి రోజు ఆఫీసు పనికి ఎలా ఉందో చూసింది. ఎడమ పక్క లెక్కల పట్టీ, నడుమ ఉత్తరాలు, కుడి పక్క కాల్ సెంటర్ వాళ్ళు అమెరికా వాళ్ళతో మాట్లాడే కిటికీ. మూడూ ఒకేసారి కనిపిస్తుంటే మెడ తిప్పాల్సిన పని లేదు, కళ్ళు తిరిగితే చాలు. పట్టీ గీతలు మాత్రం వంకరగా కనిపించి మధ్యాహ్నానికి తల తిరిగింది. రెండో రోజుకి ఆ వంకర కంటికి అలవాటై పోయింది. ఇదీ రాసుకుంది, ‘ఒక్కరోజు చూసి తిట్టవద్దు.’ టైపు చేస్తుంటే తెర కాలు వణికింది, రాసుకుంది. ఆట పెట్టింది. కారు పందెంలో రోడ్డు రెండు చెవుల పక్కనుంచీ పోతున్నట్టుంది, బ్రహ్మాండం. చీకటి సొరంగంలో తుపాకుల ఆట పెడితే మాత్రం పరిగెత్తేవాడి వెనక నల్లటి తోక సాగింది. పాత ఆటలకి రెండు పక్కలా నల్లపట్టీలు మిగిలాయి. ‘సరదాగా ఆడుకునేవాడికి పండగ, పోటీలకి పోయేవాడికి వద్దు’ అని రాసింది. శబ్దం వినాలంటే వెనక ఇయర్‌ఫోన్లు పెట్టుకునే చిల్లు ఒక్కటే ఉంది. ఈ తెరకి స్పీకర్లే లేవు.

చీటీ రాయడానికి కూచుంది. అంకెలన్నీ రాసింది. ఒక్కొక్కటీ మూడుసార్లు కొలిచి రాసింది. అంకెలో అబద్ధం రాయడానికి ఆమె చెయ్యి ఆడదు. చివర్లో కలం ఆగింది. పక్కగదిలో పిల్ల కదిలిన చప్పుడైంది. ఆ పంతొమ్మిదో రోజు గుర్తొచ్చింది.

రాసింది: ‘స్పీకర్లు: రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టున్నాయి. కింది స్వరం అసలు లేదు.’

చీటీ మడిచి, థర్మోకోల్ దిమ్మ కింద పెట్టి, పెట్టెకి టేపు వేసింది. అప్పటిదాకా పిరికి మనిషి గదా, పిల్ల తుమ్మితే వైద్యుడి దగ్గరికి పరిగెత్తే మనిషి. ఆ రోజు మాత్రం ఎండుచేపలు వేయించుకుని, ఆకులో ఉడికిన అన్నం రెండు పొట్లాలు విప్పుకుని, కడుపునిండా తింది.

తెల్లారి పెట్టెని తీసుకుపోయారు. ఆ సాయంత్రం పంపిణీదారు మనిషి ఓంగ్ నుంచి సందేశం వచ్చింది. వెండెల్‌కి వేరే ఊళ్ళో పెళ్ళి ఉందట. వరస మార్చారు. పెట్టె ముందు తలిసాయ్‌లో రోమెల్ ఇంటికి పోయింది.

రిజెల్ ఆ సందేశం రెండుసార్లు చదివింది. రోమెల్ యాభై దాటిన మనిషి. కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నడుపుతూ, ఈ మధ్యే వీడియోలు మొదలుపెట్టాడు. తన మీద జనం రాళ్ళేసినప్పుడు ‘ఆ అమ్మాయి అలాంటిది కాదు’ అని రాసినవాడు అతనొక్కడే. చీటీలోని స్పీకర్ల మాట అతను గనక చదివి కెమెరా ముందు చెబితే? ఎవరికోసమో తీసిన గోతిలో దేవుడిలాంటి మనిషి పడతాడు.

రెండు రోజులు ఫోను తీయడం, పెట్టేయడం. చెబితే తన కుట్ర ఇంకొకరి చేతిలో పడ్డట్టు. చెప్పకపోతే... మూడో రోజు ఉదయం పిల్లని చంకనేసుకుని ఫోను చేసింది.

“అన్నా, ఆ తెర వీడియో తీసేశావా?”

“నిన్ననే తీశానమ్మా. ఏం?”

అటునుంచి నవ్వు వినిపించింది.

“స్పీకర్ల సంగతా? ఓసి నీ అమ్మ కడుపు మాడ, అరగంట వెతికాను తల్లీ! నా కొలతలయ్యాక చీటీ విప్పానా, స్పీకర్లు అని ఉంది. అయ్యో, ముసలాణ్ణైపోయా, కళ్ళు పోయాయి అనుకుని తెరని బోర్లా పడుకోబెట్టి, టార్చి పెట్టి, ప్రతి చిల్లూ వాసన చూశాను. మా ఆవిడ, ‘ఏంటయ్యా దానికి పేలు చూస్తున్నావు’ అంటోంది.”

రిజెల్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. “క్షమించన్నా. అది నీకోసం కాదు.”

“తెలుసు. నా తర్వాత ఎవరో కాగితం మీద చదివాను.” అతని గొంతు తగ్గింది. “ఇదిగో, సూటిగా అడుగుతా. చీటీ నా చేతిలోనే ఉంది. ఆ వాక్యం కొట్టేస్తే నువ్వు పొరపాటున రాశావనుకుంటా, అంతే, మర్చిపోతా. ఉంచితే మాత్రం బయటపడినప్పుడు నీకూ మసి అంటుతుంది. చీటీలో అబద్ధం రాసినవాళ్ళకి మళ్ళీ పెట్టె రాదు. కొట్టెయ్యనా?”

బియా ఆమె మెడలో గొలుసు పట్టుకుని లాగుతోంది. ఒక్క మాటతో తప్పించుకోవచ్చు. భర్త ఫ్యాక్టరీ జీతం ఇంటి ఖర్చుకే సరిపోతుంది, పిల్లదాని పాలడబ్బాకి ఆ చానెల్ ఇచ్చేదే ఆధారం. భయం వేసింది, చాలా వేసింది. కానీ భయం కింద ఇంకోటి ఉంది, అది చల్లారనంటోంది.

“వద్దన్నా. ఉంచు.”

“ఉంచుతున్నా మరి,” అన్నాడు రోమెల్. “టేపు గట్టిగా వేస్తాలే.”

శనివారం నాలుగింటికి వెండెల్ ప్రత్యక్ష ప్రసారం. కోడలు ఫోను ముందు కదలకుండా కూచోవడం చూసి పురిత కూడా వచ్చి పక్కన కూచుంది. తెరని వెనక పెట్టుకుని, మెరిసే చొక్కాలో వెండెల్ నవ్వుతున్నాడు. వెలుతురు అంకె చెప్పాడు, అది ఆమె అంకె. నల్లటి తోక గురించి చెప్పాడు, అది ఆమె మాట. ఆఖరికి కాలు వణకడం దగ్గర కూడా ఆమె మాటలే, వరస కూడా మారలేదు.

“నా సొంత మాటల్నే దొంగ నోటినుంచి వింటున్నా,” అంది పళ్ళ బిగువున.

“స్పీకర్ల విషయానికొస్తే,” అన్నాడు వెండెల్, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “నిన్న రాత్రి రెండు గంటలు పాటలు విన్నానండీ, రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది. కింది స్వరం అసలు లేదు.”

ప్రసారం కింద చూసేవాళ్ళ మాటలు గబగబా పడ్డాయి. ‘ఏ స్పీకర్లు?’ ‘అన్నా, దీనికి స్పీకర్లుండవు.’ ‘రోమెల్ వీడియోలో లేవని చెప్పాడు.’ ‘రెండు గంటలు గోడ విన్నావా అన్నా?’ వెండెల్ నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు పరిగెత్తాయి. “ఉన్నాయండీ, వెనక్కి ఉంటాయి,” అంటూ తెరని తిప్పాడు. వంగిన వెడల్పు తెర గదా, ఒక కొన తగిలి అతని మొహానికి వెలుతురు కోసం పెట్టుకున్న దీపం పడిపోయింది. కెమెరా ముందే, వేలమంది చూస్తుండగా, అతను తెర వెనక వేళ్ళు పెట్టి తడుముతున్నాడు.

పురిత ముందు నవ్వింది. తర్వాత కోడలి ముఖం చూసి నవ్వు ఆపేసింది.

అప్పుడు చేశాడు వెండెల్ చేయకూడని పని. చీటీ తీసి కెమెరాకి అడ్డంగా పట్టుకుని అరిచాడు: “ఇదిగో చూడండి! ఆ రిజెల్ రాసింది ఇది! మళ్ళీ తప్పుడు రాతలు రాసింది! నన్ను మోసం చేసింది!”

వెంటనే కింద ఎవరో ఒకతను రాశాడు: ‘అయితే నువ్వు చూడలేదన్నమాట.’ ఇక ఆ వాక్యమే వరదలా వచ్చింది.

గంటలో ఓంగ్ ఫోను చేశాడు. ఇద్దరి పేర్లూ వరసలోంచి తీసేశామన్నాడు. “నీ అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి రిజెల్. రోమెల్ కూడా చూశాడు. కానీ ఆ ఒక్క వాక్యం నేను ఒప్పుకోలేను.” సరేనంది. పాలడబ్బా ఖర్చు గుర్తొచ్చింది, అయినా మాట మార్చుకోలేదు.

ఆ తర్వాత వెండెల్ ఫోను చేశాడు. తిట్టలేదు. అదే ఆమెకి ఆశ్చర్యం.

“రిజెల్, సరదాకి రాశానని ఒక్క వీడియో పెట్టు. మళ్ళీ పనిలోకి తీసుకుంటా. పిల్లని కూడా తెచ్చుకో, ఇక్కడే పడుకోబెట్టుకో.”

“నీ నల్ల తెరలో నా పిల్ల కనపడితే?”

“పాత సంగతులు ఎందుకమ్మా...”

“పాతదే కావాలి నాకు. పోయినేడు నేను రాసిన వాక్యం నీ దగ్గరుంది. మచ్చ పడుతోంది, ఆఫీసు పనికి కొనవద్దు. అది రిజెల్ రాసింది, నేను మింగేశాను అని నీ నోటితో చదువు. అప్పుడు చీటీ మీద ఏం చెప్పాలో ఆలోచిస్తా.”

“ఆలోచిస్తావా, చెబుతావా?”

“ఆలోచిస్తా.”

ఫోను పెట్టేశాడు. ఆదివారం గడిచింది. సోమవారం భర్త మక్తాన్‌లోని ఫ్యాక్టరీకి షిఫ్టుకి పోయాక, పురిత బట్టలారేస్తూ బయటినుంచి కేకేసింది, “దై! వాడొచ్చాడు, చూడు, ఫోనులో!”

మెరిసే చొక్కా లేదు. తలుపు దగ్గరి అద్దంలో చూసుకున్నట్టు కూడా లేదు. వెండెల్ ఒక కాగితం చూస్తూ, కెమెరాకేసి చూడకుండా చదివాడు. మచ్చ సంగతి చదివాడు. కొనవద్దు అన్నది చదివాడు. రిజెల్ కబహుగ్ అని, పేరుతో సహా, చదివాడు. చివర్లో, నేను మింగేశాను అన్నదీ చదివాడు.

పురిత తడి చేతులు పక్కకి తుడుచుకుంది. “ఐపోయిందిగా తల్లీ. ఇప్పుడైనా నువ్వు చెప్పే మాట చెప్పేసెయ్. వాడికీ పిల్లలున్నారు.”

“చెప్పను అత్తమ్మా.”

“ఆలోచిస్తానన్నావుగా.”

“ఆలోచించాను.” రిజెల్ బియాని భుజం మార్చుకుని, కిందపడ్డ జోలగుడ్డ తీసుకుంది. “అది మొదట్నించి పెట్టండి. నా పేరు చెప్పేటప్పుడు వాడి మొహం సరిగ్గా చూడలేదు.”